మళ్ల ఆటకు వస్తదా?

(పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి దేవరకొండల ఒక ఆదివారం సాయంత్రం లైబ్రరీకి వచ్చినోళ్ల ముందు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినోళ్ల కోసం రికార్డింగ్ విని రాసినం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికి నమస్కారం. ముందల కూసున్న పిల్లలకు, వెనుక నిలవడ్డ అక్కచెల్లెండ్లకు, రోజు పొద్దుగాల పేపర్ కోసం ఇక్కడికొచ్చే నా తోటి పింఛన్‌దారులకు, అందరికి నమస్కారం. వెనుకున్నోళ్లకు వినవడుతున్నదా? వినవడకపోతే చెయ్యి లేపుండ్రి, జర గట్టిగ మాట్లాడుత.

హాస్యం మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచిన్రు. నేను ముప్పై రెండేండ్లు పశువుల దవఖానల పనిచేసినోన్ని. బర్లు, గొర్లు, మేకలు, కుక్కలు, వాటిని పట్టుకొని వచ్చే మనుషులు. నా చదువంత అదే. అందుకే పిలిచినోళ్లకు ముందే చెప్పిన, "హాస్యం గురించే మాట్లాడుత గని కుక్కల దిక్కు నుంచి వస్త" అని. వాళ్లు సరే అన్నరు. మీరు కూడ సరే అనుండ్రి.

మొదలు పిల్లలను ఒకటి అడుగుత. కుక్క నవ్వుతదా? నవ్వుతదనేటోళ్లు చేతులు లేపుండ్రి. చానామందే ఉన్నరు. నవ్వదనేటోళ్లు? పెద్దోళ్లందరు ఇటు దిక్కున్నరు. మంచిది. రెండు దిక్కుల నిజం ఉన్నది. నోరు తెరిచి, నాలుక బయటవెట్టి ఎగపోసే కుక్కను చూసి మనం "అగో నవ్వుతున్నది" అంటం. మన నల్లగొండ ఎండలల్ల అది నవ్వు కాదు బిడ్డా, దానికి ఉడుకపోస్తున్నది. మనకు ఒళ్లంత చెమట పడుతది. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లకే. ఒంట్ల వేడి బయటికి పోవాలంటే అది ఎగపోయాలె, అదే దానికి పెద్ద తొవ్వ. ఎండాకాలం మీ గల్మ ముందల ఒక మట్టి చిప్పల నీళ్లు పోసి పెట్టుండ్రి. ఈ ఒక్కమాట యాదివెట్టుకొని పోయినా నాకు సంతోషమే.

మరి నవ్వు ఎక్కడున్నది? పొద్దుగాల ఆరింటికి బస్టాండుకాడికి పోండ్రి. ఇంకా జనం రాకముందు అక్కడ రెండు మూడు కుక్కలుంటయి. జర నిలవడి చూడుండ్రి. ఒకటి ఇంకోదాని ముందలికి వస్తది. ముందటి కాళ్లు రెండు నేల మీద పరుస్తది. రొమ్ము నేలకు తగిలేటట్టు వంగుతది. వెనుక భాగం మాత్రం పైకే ఉంటది, తోక ఆడుతుంటది. ఒక్క క్షణం అట్లనే ఉంటది. తర్వాత ఒక్క దుంకు దుంకుతది. ఇగ ఉరుకుడే ఉరుకుడు.

చూసిన్రా మీరెప్పుడన్న? చూసే ఉంటరు. కాని నిలవడి చూసిన్రా? ఆ వంగుడే కుక్క నవ్వు. సంపన్నుల ఇంట్ల పెరిగిన అల్సేషన్ అయినా, మన బస్టాండు కుక్కయినా, గొర్లమంద ఎంబడి తిరిగే కుక్కయినా, వంగేది ఒక్కతీరుగనే. "ఇప్పుడు నేను కరుస్త, మీదవడుత, కిందవడేస్త. కాని అదంత ఆట. నువ్వు భయపడకు" అని ముందుగాల చెప్తది. ముందుగాల. ఈ ముచ్చట మనసుల పెట్టుకోండ్రి, మళ్ల దీని దగ్గరికే వస్త.

ఇది నా ఒక్కని మాట కాదు. చార్లెస్ డార్విన్ పేరు పదో తరగతి పిల్లలకు తెలుసు. మనిషి పుట్టుక మీద రాసిన తన పుస్తకంల ఆయన కుక్కకు హాస్యం ఉంటదని రాసిండు. ఏం జూసి రాసిండు? కుక్కకు ఒక పుల్ల ఇసిరినమనుకోండ్రి. అది నోట్ల వట్టుకొని కొంచెం దూరం పోతది. పుల్లను ముందల వెట్టుకొని కూసుంటది. యజమాని దగ్గరికొచ్చి, వంగి, అందుకునేదాక ఆగుతది. చెయ్యి తగిలే వేళకు లటుక్కున నోట్ల వట్టుకొని ఉరుకుతది. మళ్ల అదే పని, మళ్ల అదే పని. పుల్ల కావాలంటే అది దూరం పోయి కొరుక్కోవచ్చు. దానికి పుల్ల వద్దు. మనం దగ్గరికొచ్చుడు కావాలె, మనం మోసపోవుడు కావాలె, మళ్ల మనం రావుడు కావాలె. మీ ఇంట్ల చెప్పు ఎత్తుకపోయే కుక్క యాదికొచ్చిందా? నవ్వుతున్నరు, అంటే యాదికొచ్చింది.

మన కాలంల మార్క్ బెకాఫ్ అని అమెరికా శాస్త్రజ్ఞుడు కుక్కల ఆటను ఏండ్లకేండ్లు చూసిండు. ఈ వంగుడు ఆట మొదలుకాడనే కాదు, నడుమ నడుమ కూడ వస్తదని చెప్పిండు. ఎప్పుడొస్తది? పట్టి, తల అటూ ఇటూ గుంజి కరిచినప్పుడు. ఎందుకంటే ఆ తీరు కరుచుడు నిజం కొట్లాటల ఉంటది. ఎదుటిది తప్పుగ అనుకునే ప్రమాదం ఉన్నదన్నకాడ, కరవకముందో కరిచినాకనో ఇది మళ్ల వంగుతది. "అది నిజం కాదే, ఆటనే" అని ఇంకోసారి చెప్తది. మనం ఎంతమందిమి చెప్తం అట్ల? స్నేహితున్ని ఒకమాట అని, వాని మొఖం చిన్నగయింది చూసి, ఆగి, "అరే, ఊకె అన్నరా" అని చెయ్యివట్టుకునేటోళ్లు ఎంతమందిమి?

ఇంకో ముచ్చట. డిండి దిక్కు ఒక కురుమ పెద్దమనిషి మందను చూడనీకి పోయిన. రాత్రి ఒక రైతు చెల్కల మంద పెట్టిన్రు. అంటే గొర్లను ఆ చెల్కల్నే పండవెడుతరు, ఎరువు పడుతదని. ఆ మందకు ఒక కుక్క ఉన్నది. ఎత్తు కుక్క, నల్లది. ఒక చెవు సగం లేదు. మెడ మీద పాత గాట్లు. తోడేలుతోని కొట్లాడిందట. రాత్రి నేను లేచి నడిస్తే అది నా ఎంబడి పదడుగుల దూరంల నడిచింది, నేను పండేదాక. అసొంటి కుక్క. తెల్లారి చూస్తే ఏం జేస్తున్నదనుకున్నరు? ఎల్లెలుక పండి ఉన్నది. నెల కుక్కపిల్ల ఒకటి దాని మీదికెక్కి, ఆ మిగిలిన చెవును పట్టి గుంజుతున్నది. పిల్ల గుర్రుమంటున్నది. పెద్దది ఓడిపోయినట్టు కాళ్లు ఆడిస్తున్నది. ఒక్కసారి అది తల గట్టిగ ఇదిలిచ్చేసరికి పిల్ల దూరంగ వడి కుయ్యిమన్నది. పెద్దది అప్పటికప్పుడు ఆగింది. కదల్లే. పిల్ల లేచి, ఇదిలిచ్చుకొని, జర ఆలోచన చేసి, మళ్ల వచ్చి చెవు పట్టింది.

మళ్ల వచ్చింది. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఈ రెండు మాటలే. బలమున్నది చిన్నగయింది కాబట్టి పిల్ల మళ్ల వచ్చింది. నవ్వుల దయ ఉన్నదా లేదా ఎట్ల తెలుస్తది? నవ్వినోన్ని అడిగితే తెలువదు. ఎవరిని చూసి నవ్వినమో, వాళ్లు మళ్ల ఆటకు వస్తున్నరా? అది చూడాలె.

నాకు ఇది ఎట్ల తెలిసిందో చెప్త. పుస్తకాలల్ల చదువుకున్నది కాదు.

నాకప్పుడు తొమ్మిదో పదో ఏండ్లు. మా గల్లీల మోతి అని ఒక కుక్క ఉండె. ఎవ్వలది కాదు, అందరిది. తెల్లగ ఉండేది, వీపు మీద ఎర్రమట్టి రంగు మచ్చ. దీపావళి నాడు మేం నలుగురం పోరగాండ్లం పటాకుల లడి ఒకటి మిగులవెట్టినం. దాన్ని మోతి తోకకు కట్టాలె. ఎవరు పిలిస్తే వస్తది? నేను పిలిస్తే వస్తది. ఎందుకంటే పొద్దుగాల బడికి పోయేటప్పుడు నా జొన్నరొట్టెల ముక్క దానికే పెట్టేది. నేను పిలిచిన. వచ్చింది. వచ్చి నా ముందల ముందటి కాళ్లు పరిచి వంగింది. నేను ఒక చేతుల రొట్టె పట్టుకున్న. ఇంకొకడు వెనుక నుంచి కట్టిండు.

తర్వాత ఏమయిందో చెప్పను. పిల్లలున్నరు. మేం నవ్వినం. గోడకు ఒరిగి కడుపు పట్టుకొని నవ్వినం. నేను కూడ.

మోతి ఎడ్ల కొట్టంల గడ్డి వెనుకకు పోయి రెండు రోజులు బయటికి రాలే. మా నాయనమ్మ నన్ను ఏమీ అనలే. దీపం బుడ్డి నా చేతుల వెట్టి "పట్టుకో" అన్నది. ఆమె వంగి, గడ్డిలకు చెయ్యి వెట్టి, దాని తోకకు నూనె రాసింది. రాస్తుంటే అది ఆమె చెయ్యి నాకుతున్నది. నేను దీపం దగ్గరికి తెస్తే గుర్రుమన్నది. "నువ్వు ఆన్నే నిలవడు" అన్నది నాయనమ్మ. ఆన్నే నిలవడ్డ.

కాలిన తోక మానింది. మోతి గల్లీలకు వచ్చింది. మా అందరిండ్లకు మల్ల పోయింది. నేను రొట్టె వట్టుకొని పిలిస్తే మాత్రం ఆగి చూసేది, తిరిగి పోయేది. ఇంకో నాలుగేండ్లు బతికింది మోతి. ఒక్కసారి కూడ నా ముందల వంగలే. పశువుల డాక్టర్ ఎందుకయిన్రు సారూ అని చానామంది అడిగిన్రు. నౌకరి దొరికింది అని చెప్పేది. అది అబద్ధం కాదు, కాని మొత్తం కాదు.

మన భారతం ఎట్ల మొదలైతదో పెద్దోళ్లకు తెలుసు. నన్నయ గారి భారతంల కథ లోపలికి అడుగు పెట్టంగనే ఒక కుక్కపిల్ల కనవడుతది. జనమేజయ మహారాజు యాగం చేస్తుంటే, దేవలోకపు కుక్క సరమ కొడుకు సారమేయుడు ఆడుకుందామని అక్కడికి వస్తడు. ఆడుకుందామని, వినుండ్రి. రాజు తమ్ముళ్లు కొడుతరు. పిల్ల ఏడ్చుకుంట తల్లిదగ్గరికి పోతడు. తల్లి రాజు ముందలికొచ్చి నిలవడి అడుగుతది, నా కొడుకు ఏం తప్పు చేసిండు అని. ఇది తగునా తగదా అని ఆలోచన చెయ్యకుండ సాధువులకు, పేదోళ్లకు కీడు చేసేటోళ్లకు అనుకోని భయాలు వస్తయి అని చెప్పి పోతది. అంత పెద్ద రాజు ఆ మాటకు భయపడుతడు, శాంతి చేయించాలని పురోహితున్ని వెతుకుతడు. అంత పెద్ద కథకు గడప అది, ఆటకొచ్చి దెబ్బలు తిన్న ఒక కుక్కపిల్ల.

చివరకు ఏమున్నది? తిక్కన గారి కాడికొచ్చేసరికి తమ్ముళ్లు లేరు, ద్రౌపది లేదు. అందరు తొవ్వల పడిపోయిన్రు. ధర్మరాజు ఎంబడి ఒక కుక్క ఉన్నది. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కుమంటడు. కుక్కను ఇడిచిపెట్టి రమ్మంటడు. నమ్మి ఎంబడి వచ్చినదాన్ని ఇడువను అంటడు ధర్మరాజు. స్వర్గం వద్దంటడు. ఆ కుక్కనే యమధర్మరాజు అని తర్వాత తెలుస్తది. కాని ఆ మాట అన్నప్పుడు ఆయనకు అది కుక్కనే. తొవ్వల కలిసిన ఉత్త కుక్క. నాకు ఆ చోటు చదివినప్పుడల్ల మా నాయనమ్మ గడ్డిలకు పెట్టిన చెయ్యి యాదికొస్తది.

మనుషుల సంగతికి వస్త. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు మన జిల్లాకు ఏం జేసినయో మీకు నేను చెప్పనక్కరలేదు. నాతోని చదివినోళ్లల్ల కాళ్లు వంకరవోయినోళ్లు ఉన్నరు. వాళ్లకు మేం పేర్లు వెట్టినం. ఆ పేర్లు ఈ మైకుల నేను పలుకను. అప్పుడు వాళ్లు కూడ మాతోని నవ్వేటోళ్లు. అందరు నవ్వినప్పుడు నవ్వకపోతే ఇంకా ఒంటరిగ అవుతమని నవ్విన్రు, ఆ సంగతి నాకు ముసలితనంల తెలిసింది. మాపటికి కబడ్డీ ఆడేటప్పుడు మాత్రం వాళ్లు రాలే. కాళ్లకు చాతగాక రాలేదని అనుకున్నం. కూసొని చూడనీకి కూడ రాలే. అది ఎందుకని మేం ఎన్నడు అడగలే.

ఇక్కడ కూసున్న పిల్లలు. మీ క్లాసుల నత్తిగ మాట్లాడే పిల్లగాడో, నల్లగున్నదని పేరు వెట్టిన పిల్లనో ఉంటరు. నవ్వొద్దని నేను చెప్తలేను. నవ్వు లేకపోతే బడి ఎట్ల ఉంటది? ఆ పిల్ల మీ దగ్గరికి తనంతల తనే వచ్చి కూసుంటున్నదా, అది చూడుండ్రి. వస్తుంటే మీ నవ్వు మంచిదే. రాకుంటే మీరే పోయి వంగుండ్రి, ఆ బస్టాండు కుక్క వంగినట్టు.

నవ్వు, దయ రెండు ఒక్కకాడ ఎట్లుంటయో నాకు చూపించింది ఒక అవ్వ. పాలమూరు అవ్వ. కోస్గి దిక్కు పనిచేసిన నేను కొన్నేండ్లు. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట. వలసలు ఎట్లుండెనో మీకు తెలుసు. పంట చేతికొచ్చిందో లేదో, గుంపు మేస్త్రీ వస్తడు, అడ్వాన్స్ ఇస్తడు, ఊరు ఊరంత బస్సెక్కి బొంబాయికో పుణెకో పోతది. ఇండ్లకు తాళాలు. మిగిలేది ముసలోళ్లు, కుక్కలు.

ఒకనాడు పొద్దున అవ్వ ఒకామె నాలుగు కిలోమీటర్లు నడిచి దవఖానకు వచ్చింది. చేతుల జనుప తాడు, తాడు కొసకు కుక్క. ముసలిది, గోధుమరంగుది. పేరు రాజు. చెవు వెనుక పుండు, పుండుల పురుగులు. వాసన ఎట్లున్నదంటే బర్లను పట్టుకొచ్చిన రైతులు దూరం జరిగిన్రు. అవ్వ జరగలే.

పురుగులు పట్టిన పుండుకు ఏం జేస్తరో చెప్త. మూతికి బ్యాండేజి గుడ్డ కట్టాలె, మంచి కుక్కయినా నొప్పికి కరుస్తది. టర్పెంటైన్ నూనెల దూది ముంచి పుండు మీద వెడితే ఊపిరాడక పురుగులు మీదికొస్తయి. అప్పుడు పట్కారుతోని ఒక్కొక్కటి తియ్యాలె. ఒక్కటి లోపల ఉన్నా మళ్ల మొదటికొస్తది. గంట పడుతది. కుక్కకు ఆ గంట నరకమే. మామూలుగ అయితే ఇద్దరు మనుషులు పట్టుకోవాలె. అవ్వ "వద్దు సారూ, నేనే పట్టుకుంట" అని షాబాదు బండల మీద చతికిలవడి దాని తలను ఒళ్లె పెట్టుకున్నది.

నేను మొదలువెట్టిన. అది వణుకుతున్నది. అవ్వ వంగి దాని చెవుల చెప్తున్నది, నిజంగ పెండ్లిల చెప్పినట్టే: "కదులకు రాజుగా. ఇయ్యాల నీ పెండ్లి. అరే, పెండ్లికొడుకు ఏడుస్తడారా? పిల్లోళ్లు చూస్తే ఏమనుకుంటరు? పిల్లనియ్యరు." నేను ఒక పురుగు తీస్తున్న, ఆమె ఒక మాట చెప్తున్నది. "అగో, అది నీ మేనమామ. ఇది నీ బావమరిది, పొమ్మను, పొమ్మను." దూరం జరిగిన రైతులు ఒక్కొక్కరు దగ్గరికొచ్చిన్రు. నవ్వుతున్నరు. మా అటెండర్ నవ్వుతున్నడు. కుక్క ఆమె మొఖం తప్ప ఇంకేం చూస్తలేదు. తోక కొస మాత్రం బండకు తగిలి టప్పు టప్పుమంటున్నది. అరవై దాక లెక్కవెట్టిన, తర్వాత లెక్క తప్పింది. చివరకు పసుపుపచ్చటి మందు పూస్తుంటే అవ్వ గట్టిగ అన్నది, "అగో, పసుపు కూడ అయిపాయె."

ఆ నవ్వు ఎవరి మీద నవ్వు? ఎవ్వరి మీద కాదు. నొప్పి మీద.

మూతికట్టు ఇప్పినాక అడిగిన, ఎవరున్నరు అవ్వా ఇంట్ల అని. "కొడుకు, కోడలు, పిల్లలు బొంబాయికి పోయిన్రు. ఇది బస్సెంబడి ఉరికింది సారూ. పొలిమేర దాటి ఉరికింది. మాపటికి వచ్చి నా కాళ్లకాడ పండింది. ఆ రాత్రి నేను తినలే, అది తినలే. తెల్లారి అన్నం ముందల కూసున్న. నేను తింటెనే అది తింటున్నది. దానికోసం తిన్న." ఇట్ల చెప్పింది.

జర్మనీల బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనేకాడ 1914ల ఒక పాత గోరీ బయటపడ్డది. సుమారు పద్నాలుగు వేల ఏండ్ల కిందటిది. ఇద్దరు మనుషులు, వాళ్లతోని ఒక కుక్కపిల్ల. ఈ మధ్యకాలంల దాని పండ్లను పరీక్ష చేసినోళ్లు చెప్పిందేమంటే, ఆ పిల్లకు డిస్టెంపర్ రోగం వచ్చింది. ఒక్కసారి కాదు, వారాల తరబడి బాధపడ్డది. డిస్టెంపర్ నేను చూసిన. ముక్కుల కారుడు, వాంతులు, విరేచనాలు, తర్వాత ఫిట్స్. దగ్గర కూసొని నీళ్లు తాపి, కడిగి, వెచ్చగ ఉంచకపోతే పిల్ల కొన్ని రోజులు కూడ ఆగదు. అది వారాలు బతికిందంటే ఎవరో కూసున్నరు. దాంతోని వేట లేదు, కాపలా లేదు, ఏ లాభం లేదు. అయినా కూసున్నరు. వ్యవసాయం ఇంకా పుట్టలే అప్పటికి. కోస్గి అవ్వ బండల మీద కూసున్నదా, ఆ ఎవరో అట్లనే కూసున్నరు.

అక్కడ ఒకామె చెయ్యి లేపింది. చెప్పమ్మా. అవును, అడగాల్సిందే. కుక్కలు కరుస్తున్నయి, పిల్లలను చంపుతున్నయి, మీరేమో దయ అంటున్నరు అంటున్నది. అమ్మా, నీ కోపం న్యాయమైనది. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటల నాలుగేండ్ల బిడ్డను కుక్కలు చంపినయి. ఆ వీడియో నేను పూర్తిగ చూడలేకపోయిన. ఆ తల్లిముందల నిలవడి కుక్కల గొప్పతనం చెప్పే ధైర్యం నాకు లేదు. ఎవ్వరికి ఉండొద్దు కూడ.

తర్వాతి ఏడే, 2024 ఫిబ్రవరిల, మన పాలమూరు జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌ల రాత్రిపూట తుపాకులతోని ఇరవై కుక్కలను కాల్చి చంపిన్రు. దాంతోని ఏ బిడ్డకన్న రక్ష వచ్చిందా? రాలే. ఉన్న కుక్కలను చంపితే ఆ జాగకు పక్క ఊరి కుక్కలు వస్తయి, సూది పడనివి. అదే ఊర్ల ఉన్న కుక్కలకు పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, అదే గల్లీల ఇడిచిపెడితే కొత్తవాటిని అవే రానియ్యవు. ఏడాదికేడాది సంఖ్య తగ్గుతది. 2001 నుంచి మన దేశంల దీనికి రూల్స్ ఉన్నయి, 2023ల కొత్తగ వచ్చినయి. చెయ్యాల్సింది పంచాయతీలు, మున్సిపాలిటీలు. అడగాల్సింది మనం. బిస్కెట్ ప్యాకెట్ వేసి ఫోటో తీసుకున్నంత మాత్రాన అయిపోదు. దయ అంటే ఆ కుక్కను ఆపరేషన్‌కు పట్టిచ్చుడు, చెత్త, కోళ్ల షాపు పేగులు ఊరి నడుమ పడెయ్యకుండ చూసుకునుడు.

కరిస్తే ఏం జెయ్యాలె? ఇది రాసుకోండ్రి, పిల్లలు కూడ. కారం పెట్టొద్దు, సున్నం పెట్టొద్దు, ఆకుపసరు పొయ్యొద్దు, కట్టు కట్టొద్దు. నల్లా కింద పెట్టి సబ్బుతోని పదిహేను నిమిషాలు కడగాలె. గడియారం చూసి పదిహేను నిమిషాలు. ఆ కడుగుడే సగం ప్రాణం కాపాడుతది. వెంటనే సర్కారు దవఖానకు పోవాలె. సూదులు మొదటి రోజు, దానికి మూడు రోజులకు, ఏడు రోజులకు, ఇట్ల డాక్టర్ రాసిచ్చిన రోజులల్ల ఒక్కటి కూడ తప్పొద్దు. తోలు తెగి నెత్తురు వస్తే గాయంల వేసే ఇంకో మందు ఉంటది, అడిగి వేయించుకోవాలె. మా చిన్నప్పుడు బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు ఉండేటివి, ఆ భయంతోని మంత్రాలకు పోయి చచ్చినోళ్లను నేను చూసిన. ఇప్పుడు ఆ సూదులు లేవు, చేతికే వేస్తరు. రేబిస్ లక్షణాలు ఒక్కసారి కనవడినంక మందు లేదు. లేదు అంటే లేదు. ఏటా జులై 6న పశువుల దవఖానలల్ల కుక్కలకు ఫ్రీగ టీకా వేస్తరు. 1885ల అదే రోజు లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల పిల్లగానికి, జోసెఫ్ మైస్టర్‌కు, మొదటిసారి ఆ టీకా ఇచ్చిండు. ఆ పిల్లగాడు బతికిండు. మీ గల్లీ కుక్కను ఆనాడు తీసుకపోండ్రి.

పిల్లలకు ఇంకొక్కటి. కుక్క తింటున్నప్పుడు, పండుకున్నప్పుడు, తన పిల్లలతోని ఉన్నప్పుడు దగ్గరికి పోవద్దు. మీదికొస్తే ఉరకొద్దు, చెట్టులెక్క నిలవడాలె, కండ్లల్ల కండ్లు పెట్టి చూడొద్దు. మీరు పట్టుకుంటే అది మొఖం పక్కకు తిప్పుకున్నదా, మూతి నాక్కుంటున్నదా, కండ్ల తెల్లగుడ్డు కనవడుతున్నదా? అది "నాకు వద్దు" అంటున్నది. తోక ఊపినా సరే. దాని మాట కూడ మనం వినాలె కదా. ఆటకు రమ్మని అది పిలువాలె, మనం మీదవడుడు కాదు.

టైమైంది. కోస్గి అవ్వ సంగతి జర మిగిలింది, అది చెప్పి దిగుత.

మూడు వారాలకు అవ్వ మళ్ల వచ్చింది. చేతుల తాడు లేదు. కుక్క ఎంబడి నడిచి వస్తున్నది. పుండు మానింది, కొత్త వెంట్రుక వస్తున్నది. "ఏమైంది అవ్వా, మళ్ల ఏమన్న అయిందా?" అన్న. "ఏం కాలే సారూ, చూపియ్యనీకె వచ్చిన" అన్నది. చూపియ్యనీకె నాలుగు కిలోమీటర్లు.

కుక్క పదడుగుల దూరంల ఆగింది. నన్ను గుర్తువట్టింది. దవఖానకు వచ్చిన పశువు గుర్తువడుతది, సూది వేసిన చెయ్యిని మరువదు. ఎన్ని కుక్కలు నన్ను చూసి తోక ముడిచినయో, ఎన్ని గుర్రుమన్నయో. అది నా బతుకుల మామూలే. గంటసేపు దాని పచ్చిపుండును కెలికినోన్ని నేను. నేను గొంతుకు కూసున్న, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని. పిలవలే.

అది ఇంకో రెండడుగులు వచ్చింది. వాసన చూసింది. ముందటి కాళ్లు రెండు షాబాదు బండ మీద పరిచి, రొమ్ము ఆనిచ్చి వంగింది. తోక ఆడుతున్నది.

నాకు గొంతుల నుంచి మాట రాలే. బయట బర్లు నిలవడి ఉన్నయి, రైతులు చూస్తున్నరు. అవ్వ అన్నది, "లే సారూ, పెండ్లికొడుకు పిలుస్తున్నడు. పోకపోతే అలుగుతడు."

భుజం మీది తువ్వాల తీసి దాని ముందల వేసిన. నోట్ల వట్టుకొని ఉరికింది. నాలుగు గజాలు పోయి, తువ్వాలను కాళ్లకాడ వెట్టుకొని కూసున్నది, నా దిక్కు చూసుకుంట. నేను లేచిన.